ఆకుపచ్చ క్యాసెట్‌లోని పొలం

మా ఎదురింటి అన్న పోయిన వార్త నాకు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. హైటెక్ సిటీలో ఆఫీసు మీటింగులో కూర్చుని, బల్ల కింద ఫోను చూసుకుంటున్నాను. పాత వీడియోగేమ్ క్యాసెట్లు వెతికి కొనుక్కునేవాళ్ల గ్రూపు అది. ఎవరో అన్న ఫోటో పెట్టి, పొద్దున గుండెపోటుతో పోయాడని రాశారు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆ బొమ్మల మధ్యలోనే ఒకాయన అడిగాడు. "చాలా బాధాకరం అండి. ఆ ఆకుపచ్చ క్యాసెట్ ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో తెలుసా?"

దానికి ఇద్దరు బొటనవేలు ఎత్తారు. ఆ రోజు మొదలైన కోపం ఇది. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మనసు నిమ్మళంగా ఉండాలంటారు. నాకింకా నిమ్మళం రాలేదు, వచ్చేదాకా ఆగే ఓపికా లేదు. కోపంతోనే రాస్తున్నాను, చదివేవాళ్లు సర్దుకోవాలి.

మొదటి కోపం అన్న మీదే. కొన్నాళ్లుగా ఛాతీలో మంట అంటున్నాడని వదిన నాతో చెప్పి వాపోయింది. నేను వెళ్లి గట్టిగా అడిగితే, నిన్న మిరపకాయ బజ్జీలు తిన్నానని, గ్యాసని, జీలకర్ర నీళ్లు తాగితే పోతుందని నన్ను దబాయించాడు. మేముండే కొండాపూర్‌లో రెండేసి టీ కొట్లకు ఒక ఆసుపత్రి ఉంటుంది. ఒక పాత క్యాసెట్ ఉందంటే ఎండలో నార్సింగి దాకా పోయే మనిషి, వీధి చివరి ఆసుపత్రికి నడవలేకపోయాడు. ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది.

అన్నది అనంతపురం వైపు పల్లె. ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగు చేసేవాడు. నేను బోరబండలో పెరిగాను. మా గల్లీలో టీవీ గేము క్యాసెట్లు కిరాయికి ఇచ్చేవాళ్లు. క్యాసెట్ ఆడకపోతే దాని మూతిలో ఊదాలి, అదొక్కటే మాకు తెలిసిన వైద్యం. నాకు ఉద్యోగం వచ్చి, అన్న ఎదురింట్లో నేను కిరాయికి దిగిన కొత్తలో, తలుపు తీసి పెట్టుకుని అలాగే ఊదుతున్నాను. మెట్లెక్కి వస్తున్న ఆయన ఆగి, పరిచయం కూడా లేకుండా లోపలికి వచ్చేసి చేతిలోంచి లాక్కున్నాడు.

"ఊదొద్దు పాపా. ఎంగిలి పడి చిలుము పడుతుంది. తుడవల్ల." చొక్కా జేబులోంచి పెన్సిల్ రబ్బరు తీశాడు. ఆఫీసు ట్యాగు మెడలో వేలాడుతూనే ఉంది. నా గుమ్మంలో కూర్చుని, చంటిపిల్ల మూతి తుడిచినట్టు దాన్ని తుడిచి, గేము వచ్చాక గానీ లేవలేదు. లేచాక మాత్రం, చెప్పులతో లోపలికొచ్చేశానే అని తెగ సిగ్గుపడ్డాడు.

అప్పటి నుంచి ఇద్దరం కలిసి వేటకు వెళ్లేవాళ్లం. అందరూ ఆదివారం పాత సామాన్ల బజారులో పడి వెతుకుతారు. అన్న లెక్క వేరు. అరుదైన జపాన్ క్యాసెట్లు బజారుకు రావని, జపాన్ ప్రాజెక్టుల మీద వెళ్లి వచ్చినవాళ్లు ఫ్లాట్లు ఖాళీ చేసేటప్పుడు చెత్తలోకి వస్తాయని అనేవాడు. నెలాఖరు శనివారాలు పెద్ద పెద్ద అపార్టుమెంట్ల గేట్ల ముందు, ప్యాకర్స్ లారీల పక్కన, ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడేవాడు. సెక్యూరిటీవాళ్లు ఎన్నిసార్లు తరిమారో. ఒకసారి మమ్మల్ని ఇల్లు కొనడానికి వచ్చిన మొగుడూ పెళ్లాలనుకుని ఒక బ్రోకరు వెంటపడితే, ఈమె మా చెల్లెలు, ఈమెకే ఇల్లు చూస్తున్నామని చెప్పి, మూడు పడకగదుల ఫ్లాటు ఓపిగ్గా చూసి, బాల్కనీ చిన్నదని వంక పెట్టి వచ్చాడు.

ఆకుపచ్చ క్యాసెట్ అలాంటి లారీ పక్కనే దొరికింది. నార్సింగిలో ఎవరో ఇల్లు మారుతూ పారేసిన అట్టపెట్టెలో, పిల్లల రంగు పెన్సిళ్ల కింద ఉంది. కొద్ది కాపీలే తయారైన ఆట, సేకరించేవాళ్లు కలలో కూడా వెతికే క్యాసెట్ అది. పెట్టె సొంతదారుడిని వెతికి పట్టుకుని అడిగితే, అదా, పట్టుకుపోండి అన్నాడట.

దానికోసం గ్రూపులో ఎవరెవరు ఎంత ఆశ పెట్టినా అన్న కదల్లేదు. మా గ్రూపులో ఒక ఆచారం ఉంది. నకిలీలు ఎక్కువ కాబట్టి, ఖరీదైన క్యాసెట్ ఏదైనా మరలు విప్పి లోపలి బోర్డు చూశాకే నమ్ముతారు. చూశాక లోపలి బ్యాటరీ తీసేసి, క్యాసెట్‌ను గాజు పెట్టెలో పెట్టి అలమరలో నిలబెడతారు. మళ్లీ ఎన్నడూ ఆడరు. అన్నకు అది నచ్చేది కాదు. "ఆడకుంటే అది వట్టి ప్లాస్టిక్కే పాపా" అనేవాడు. గాజు పెట్టెలవాళ్లు తనను చూసి వెనక నవ్వుకుంటారని తెలిసినా, వాళ్లకు క్యాసెట్లు తుడిచిపెట్టింది ఆయనే.

ఆకుపచ్చ క్యాసెట్‌ను అన్న ఆడాడు. ఒక్కడే కాదు, వదినతో కలిసి. వ్యవసాయం చేసే ఆట అది. టోపీ పెట్టుకున్న చిన్న మనిషి, ఒక ఇల్లు, రాళ్లూ కలుపూ నిండిన పొలం. రాళ్లు ఏరాలి, దున్నాలి, విత్తనం వేయాలి, నీళ్లు పోయాలి. ఆ మనిషిని ఇంటికి తీసుకెళ్లి పడుకోబెడితేనే ఆ రోజు పని నిలుస్తుంది. రాతంతా జపాన్ భాష. ఇద్దరికీ ఒక్క అక్షరం రాదు, బొమ్మల గుర్తుల మీదే నడిపించారు. ఏం వేయాలో వదిన చెప్పేది, అన్న వేసేవాడు. తెరమీద వాన పడినప్పుడల్లా వంటింట్లో ఉన్న వదినకు కేక వినిపించేది. "మేయ్, రా, వానొస్తాంది." అన్న వాళ్ల నాన్న వేరుశెనగ వేసి వానకోసం ఎదురుచూసి చూసి పొలం వదిలేసిన మనిషి. ఈ వాన సంగతి అన్న ఒక్కసారే నాతో అన్నాడు, అదీ నవ్వుతూ. ఏడాదికేడాది ఆ పొలం పెరిగింది. పిల్లల్లేని ఇల్లని చుట్టాలు జాలిపడితే, పొలం పనికే తీరిక లేదని వదిన నవ్వేది.

ఆ పొలమంతా ఉండేది క్యాసెట్ లోపలి బొత్తామంత బ్యాటరీ దయ మీద. అది ఆగితే అంతా పోతుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం దాన్ని మార్చడం చూశాను. పాత బ్యాటరీ తీసే ముందే కొత్తదాని తీగలు పక్కన ఆనించి పట్టుకోవాలి, కరెంటు రెప్పపాటు కూడా తెగకూడదు. పట్టుకునే పని వదినది. అన్న టంకం వేస్తున్నంతసేపూ ఆవిడ ఊపిరి తీసుకున్నట్టే లేదు. అయిపోయాక ఆన్ చేశారు. టోపీ మనిషి ఇంట్లోంచి బయటికొచ్చాడు. వదిన పైకి చూసి దణ్ణం పెట్టుకుంది, అన్న లేచి చక్కెర తెచ్చి మా ఇద్దరి నోట్లో పోశాడు. ఇష్టమైనదాన్ని ఎలా పట్టుకోవాలో నేను ఆ ఇంట్లో చూసి నేర్చుకున్నాను.

ఇక అసలు కోపం దగ్గరికి వస్తాను. అన్న దినాలు మా అపార్టుమెంటు సెల్లారులో పెట్టారు. నేను కింద వడ్డిస్తున్నాను. చుట్టాలంతా భోజనాల దగ్గరున్నారు. వదిన పైన ఒక్కతే కూర్చుంది. ఆ గ్రూపులో ప్రశ్న అడిగినాయన పూలదండ పట్టుకుని వచ్చి, నన్ను చూసి తల పంకించి పైకి వెళ్లాడు. సంతాపానికి వచ్చినవాణ్ణి ఏమనగలం?

పెరుగు వడ్డించాక వదినకు విస్తరి పట్టుకుని పైకి వెళ్లాను. ఆయన సోఫాలో ఉన్నాడు. బల్లమీద ఆకుపచ్చ క్యాసెట్, దాని పక్కన చిన్న స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లయరు, చిన్న ప్లాస్టిక్ కవరులో బ్యాటరీ. అన్నగారి గుర్తుగా ఒక్కసారి చేతిలో పట్టుకుని చూస్తానని అడిగాడట. అన్న స్నేహితుడు కదా అని వదిన తెచ్చిచ్చి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లిందట. నా వెనకే టీ గ్లాసుతో వచ్చిన వదిన బల్లమీద కవరు చూసింది. ఆ బ్యాటరీ ఏమిటో ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. గ్లాసు కింద పెట్టి, క్యాసెట్ తీసుకుని తనే గేము పెట్టెలో పెట్టి టీవీ వేసింది.

పొలం లేదు. ఇల్లు లేదు, టోపీ మనిషి లేడు. నల్లటి తెరమీద, పేరు రాయమని అడిగే ఖాళీ గడి ఒకటి.

"ఏం మనిషివయ్యా నువ్వు? దినాలకొచ్చినవా, సామాన్లు చూసుకోనీకొచ్చినవా?" అన్నాను. విస్తరి నా చేతిలోనే ఉంది, లేకపోతే చెయ్యి చేసుకునేదాన్నేమో.

ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "అలా అంటారేంటండి? పాత బ్యాటరీ కారిందంటే బోర్డు పాడైపోద్ది కదా. మంచికే తీశానండి. ఆడినది పోయింది, అంతే. విలువేం తగ్గలేదు, ఎప్పుడు ఇవ్వాలనుకున్నా నేనే తీసుకుంటాను." పాపం, ఓదారుస్తున్నాననే అనుకున్నాడు.

వదిన తెర మీంచి చూపు తిప్పలేదు. "కడాపటి పొద్దు ఆయనే ఆ మనిషిని ఇంట్లో పండబెట్టి ఆపినాడు" అంది. "నేను మళ్ల వేయల్యా. లేపితే ఇంగ నిజంగా తెల్లారిపోతుందని. ఇంట్లో పండుకోనుండాడు లే అనుకుంటా ఉన్న్యా. నువ్వు ఇల్లే పెరికేస్తివి గదా నాయనా."

ఆయన లేచాడు. నేను తలుపు పూర్తిగా తీసి పట్టుకున్నాను. ఆ రోజే గ్రూపులోంచి బయటికొచ్చాను, ఎందుకో రాసే వచ్చాను. దానికీ ఎవరో చేతులు జోడించిన బొమ్మే పెట్టారట.

ఆయన బయటికి నడుస్తుంటే వదిన నేలమీద కూర్చుని, అన్న ఆడేటప్పుడు పట్టుకునే రిమోటు చేతిలోకి తీసుకుంది. బొటనవేలు బొత్తాం మీద పెట్టింది, నొక్కలేదు. గుమ్మం బయట చెప్పులు వేసుకుంటున్న ఆయన లోపలికి తొంగిచూసి, సాయం చేస్తున్నట్టు, "ఏదో ఒక పేరు పెట్టేయండి, మొదలైపోద్ది" అన్నాడు. నేను తలుపు వేసేశాను. తెరమీద ఖాళీ గడి వెలుగుతూ ఆరుతూ ఉంది, వదిన దానివైపే చూస్తూ ఉంది.