మాసమ్మ తీసుకుపోని రిపోర్టు

1984. బొంబాయిలో ఒక పెద్ద ఆసుపత్రి న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో నేను టెక్నీషియన్‌గా చేరి అప్పటికి మూడేళ్ళు. ఎక్స్‌రే గదులు దాటాక కారిడార్ చివర ఉండేది మా విభాగం. సూది ద్వారా కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థాన్ని ఒంట్లోకి పంపి, అది ఎక్కడెక్కడ చేరిందో గామా కెమెరాతో చూడటం మా పని. ఎక్స్‌రే ఎముక ఆకారాన్ని చూపిస్తుంది. మా కెమెరా ఆ ఎముకలో ఏం జరుగుతోందో చూపిస్తుంది. కిడ్నీ ఎంత పనిచేస్తోంది, థైరాయిడ్ గడ్డ ఎలాంటిది, క్యాన్సర్ ఎముకలకు పాకిందా అని తెలుసుకోవడానికి డాక్టర్లు మా దగ్గరికి పంపేవారు.

నేను పుట్టి పెరిగింది కామాటిపురా పదకొండో గల్లీలో. మా ముత్తాత రాళ్ళపనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. అందుకే ఏ వార్డులో తెలుగు పేషెంటు ఉన్నా నాకే కబురొచ్చేది.

మాసమ్మను సర్జరీ ఓపీడీ వాళ్ళు పంపారు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, పాలమూరు జిల్లా. భర్త కుర్మయ్యతో ధారావిలో ఉంటూ, మేస్త్రీ ఎక్కడికి తోలితే అక్కడ బిల్డింగు పనికి పోయేది. ఏడాది కిందట రొమ్ములో గడ్డకు ఆపరేషన్ అయింది. ఇప్పుడు నడుములో, కుడి తొడలో నొప్పి. ఫారమ్ మీద బోన్ స్కాన్ అని రాసి ఉంది.

నా నోట తెలుగు వినగానే ఆమె ముఖం తేటపడింది. సూది వేస్తామని, మూడు గంటలు ఆగాలని, నీళ్ళు బాగా తాగాలని చెప్పాను. అన్నీ విని ఒక్కటే అడిగింది.

“నొప్పి పోతదా తమ్మీ?”

బయట ఇంకా నలుగురు కూర్చుని ఉన్నారు. ఇది ఫోటో తీసే మిషన్ మాత్రమేనని విడమరిచి చెప్పే ఓపిక చేసుకోలేదు. భయపెట్టడం ఎందుకులే అని కూడా అనిపించింది.

“పోతదక్కా,” అన్నాను.

మధ్యాహ్నం కెమెరా కింద ముప్పావుగంట కదలకుండా పడుకుంది. ఫిల్మును లైటుకు పెట్టి చూశాను. క్యాన్సర్ పాకిన చోట ఆ పదార్థం ఎక్కువగా చేరి నల్లటి మచ్చ పడుతుంది. దాన్ని మేం హాట్ స్పాట్ అంటాం. వెన్నులో మూడున్నాయి. కుడి తొడ ఎముక పైభాగంలో ఒకటి, అన్నిటికంటే పెద్దది. ఆ కాలితోనే ఆమె రోజంతా నెత్తిన సిమెంటు మాలు నింపిన గమేలా, అంటే ఇనుప తట్ట, పెట్టుకుని పరంజా ఎక్కి దిగుతోంది.

ఫలితం చెప్పడం టెక్నీషియన్ పని కాదు. ఎల్లుండి వచ్చి రిపోర్టు తీసుకుని సర్జరీ డాక్టరుకు చూపించమని ఇద్దరికీ చెప్పాను. కుర్మయ్య దండం పెట్టి వెళ్ళాడు.

వాళ్ళు రాలేదు. రిపోర్టు కవరు కౌంటర్ అరలోనే ఉండిపోయింది. రెండుసార్లు నా కంటపడింది. ఓపీడీకి కాపీ పోయే ఉంటుందనుకున్నాను. పోలేదని తర్వాత తెలిసింది.

మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం డ్యూటీ దిగి, గ్రాంట్ రోడ్ స్టేషన్ నుంచి ఇంటికి నడుస్తున్నాను. ఫోరస్ రోడ్ మీద కడుతున్న బిల్డింగు దగ్గర ఎవరో “తమ్మీ” అని పిలిచారు. మాసమ్మ. నెత్తిన గమేలా, ముఖాన నవ్వు.

“నీ మిషన్ల పండినంక నొప్పి సగం పోయింది,” అంది.

రిపోర్టు సంగతి అడిగాను. మందు ఒంట్లోకి పోయాక ఇంక కాయితంతో పనేముందని ఊరుకున్నారట ఇద్దరూ.

మచ్చ పడ్డ ఆ తొడ ఎముక ఏ బరువుకైనా విరగొచ్చు. గమేలా దించమన్నాను, పొద్దున్నే ఆసుపత్రికి రమ్మన్నాను. రేపు స్లాబు ఉందని, మేస్త్రీ ఒప్పుకోడని, ఎల్లుండి వస్తానని చెప్పింది. ఎందుకు రావాలో చెబితే ఆగిపోయేదేమో. డాక్టరు చెప్పాల్సిన మాట రోడ్డు మీద, తోటి కూలీల ముందు నేనెట్లా చెప్పేదని తటపటాయించాను. బరువు మోయొద్దని మాత్రం రెండుసార్లు అన్నాను. సరేనని తలూపింది.

మర్నాడు రిపోర్టు పట్టుకుని సర్జరీ డాక్టరును వెతుక్కుంటూ పోయేసరికి పన్నెండయింది. అప్పటికే మాసమ్మను క్యాజువాల్టీకి తెచ్చారు. పరంజా మెట్టెక్కుతుంటే తొడ ఎముక దానంతటదే విరిగిందట. విరిగాకే పడిందట. ఎముకల డాక్టరు నా చేతిలోని ఫిల్ములు చూశాడు. మూడు వారాల ముందు ఇవి తన దగ్గరికి వచ్చి ఉంటే, విరగకముందే లోపల రాడ్డు వేసేవాళ్ళమన్నాడు. ఎవరినీ తిట్టలేదు.

మరో రెండు రోజులకు గాని వార్డుకు పోవడానికి ధైర్యం చాలలేదు. ఆమె కాలికి బరువులు కట్టి లాగి ఉంచారు. కుర్మయ్య మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. డాక్టర్లు హిందీలో చెప్పింది అతనికి సగమే అర్థమైనా, ఆ సగమే చాలు. ఆ సంగతి భార్యకు మాత్రం ఇంకా చెప్పలేదు. నన్ను చూసి మాసమ్మ, ఇంకోసారి ఆ మిషన్ కింద పండవెట్టమని బతిమాలింది.

“అక్కా, అది మందు గాదు. ఫోటో తీసే మిషన్. నొప్పి పోతదని నేను తప్పు చెప్పిన.”

ఫోటోలో ఏం కనిపించిందో కూడా చెప్పాను.

“గా దినమే చెప్తే ఇంట్ల కూసుంటుంటి తమ్మీ,” అంది. “బరువు ఎత్తకపోతుంటి.”

కుర్మయ్య లేచి బయటికి పోయాడు.

రాడ్డు వేశారు. రేడియేషన్ ఇచ్చారు, నొప్పి కొంత తగ్గింది. ఆమె మళ్ళీ నడవలేదు. ఐదో నెలలో పోయింది. ముందే చెప్పినా ఆ జబ్బు ఆమెను వదిలేది కాదు, నాకు తెలుసు. కాని ఆ ఐదు నెలలు తన కాళ్ళ మీద తను తిరిగి ఉండేది.

ఆ తర్వాత మా డాక్టరుతో మాట్లాడాను. బరువు పడే ఎముకలో హాట్ స్పాట్ కనిపిస్తే, రిపోర్టు కోసం ఆగకుండా, పేషెంటును పంపిన డాక్టరుకు ఆ రోజే ఫోన్ చేయడం మొదలైంది. నా మట్టుకు నేను, సూది పడకముందే ప్రతి మనిషికీ వాళ్ళ భాషలో చెబుతాను: ఇది ఫోటో మాత్రమే, దీనితో రోగం తగ్గదు. విన్నది వాళ్ళ నోటితో తిరిగి చెప్పించుకుంటాను. ఆ మాటకు కొందరి ముఖం అక్కడే వాడిపోతుంది. ఒకరిద్దరు లేచి వెళ్ళిపోయారు కూడా. వాళ్ళ వెనకాలే కారిడార్‌లోకి పోయి, పక్కన కూర్చుని, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.