నర్సక్క గుప్పిట

ఎనిమిదేళ్ల మా పాపకు చక్కెర జబ్బు బయటపడిన కొత్తలో, దాని కంచం చూస్తేనే నాకు భయం వేసేది. తిన్న పిండిపదార్థాన్ని బట్టి ఇన్సులిన్ వేయాలి. ఎక్కువైనా ముప్పే, తక్కువైనా ముప్పే.

ఆ లెక్కను ఆటగా మార్చింది ఆసుపత్రి నర్సక్క. చపాతీకి ఒక చింతపిక్క, గిన్నెడు అన్నానికి మూడు. కంచంలోని తిండికి సరిపడా పిక్కలు దాచిన గుప్పిట చాపి, "ఈడ ఎన్ని ఉండాయి, చెప్పు పాపా?" అనేది. చప్పుడైతే లెక్క దొరికిపోతుందని చెయ్యి కదలనిచ్చేది కాదు. పాప గెలిస్తే తాను మూతి ముడిచేది.

ఒక ఆదివారం ఉగ్గాణి చేశాను. గిన్నె నిండా బొరుగులు కనిపించేసరికి, అన్నంలాగే మూడు పిక్కలనుకొని సూది వేశాను. బొరుగుల్లో ఉండేది సగం గాలేనని, ఇన్సులిన్ ఎక్కువైపోతుందని తోచలేదు. గంట దాటేసరికి పాపకు ఒళ్లంతా చెమట, మాట తడబాటు. నర్సక్కకు ఫోన్ చేశాను.

"బయపడొద్దప్పా. చక్కెర నీళ్లు తాపు. ఫోను పాప చెవి కాడ పెట్టు."

తర్వాత అదే నవ్వుగొంతు: "పాపా, చక్కెర నీళ్లకు ఎన్ని పిక్కలు?"

గుటకలు మింగుతూ పాప "ఒకటి" అంది. ఈ మనిషికి భయమన్నదే లేదనుకున్నాను.

కాసేపటికి గాంధీనగర్‌లోని తన ఇంటి నుంచి ఆటోలో ఆమే వచ్చేసింది. పాప లేచి కూర్చుంది. ఆమె ఎప్పటిలాగే నవ్వుతూ గుప్పిట చాపింది.

పిక్కలు గలగలమంటున్నాయి.