దీని తర్వాత ఇంకోటి వచ్చింది

చిక్కడపల్లిలో బస్సెక్కిన ఆ అమ్మాయి పెద్ద సంచీతో వచ్చి నా పక్కన కూర్చుంది. ఇమ్లీబన్ బస్టాండుకు ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుని, ఫోన్లో పాత ఇంగ్లిష్ దయ్యం సినిమా పెట్టుకుంది. పాడుబడ్డ కోట, శవపేటిక, రక్తం తాగే దొర. ఆ దొర మీద వరసగా వచ్చిన సినిమాల్లో, చివరివాటిలో ఒకటి అది. కాలేజీ రోజుల్లో నేనూ చూశానని చెప్పాను. డైరీ రాసే అలవాటు వల్ల ఆమె మాటలు ఉన్నవున్నట్టు గుర్తున్నాయి.

"ప్రతి సినిమాల సంపుతరు, మళ్ల లేస్తడు. గీడు సచ్చేదెప్పుడు తాతా?" అని నవ్వింది. "నేనూ గంతే. గ్రూప్స్ పరీక్ష మూడుసార్లు రాసిన, మూడుసార్లు పోయింది. అశోక్ నగర్ల హాస్టల్ కిరాయికి మా నాయనను పీక్కు తింటున్న. ఇగ చాలని ఇంటికి పోతున్న."

ఫోన్ నావైపు తిప్పింది.

"ఇందులనన్న ఖతమైతడా?"

"అవుతాడమ్మా. కానీ దీని తర్వాత ఇంకోటి వచ్చింది."

ఆమె సినిమా ఆపేసింది. నారాయణగూడ రాగానే సంచీ భుజాన వేసుకుని, "మంచిది తాతా" అని దిగిపోయింది. రోడ్డు దాటి, బస్సు వచ్చిన వైపే, అశోక్ నగర్ దిక్కుకు నడిచింది.

నేను చెప్పింది సినిమా సంగతే. దానితో ఆమెకు ధైర్యం చెప్పానో, ఆ తండ్రి నెత్తిన ఇంకో ఏడాది బరువు పెట్టానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

బస్సు కదిలాక కండక్టరమ్మ వచ్చింది. "బస్టాండ్ టికెట్ తీసుకున్న పిల్ల ఏది సార్? గింతల్నే ఏమైంది?"

"నేనేమీ అనలేదమ్మా" అన్నాను.