ఎవరి కిడ్నీ పంపారు?

బందరులో ఒక స్కానింగ్ సెంటర్లో పనిచేస్తున్నాను. మొవ్వ నుంచి ఒకావిడ తన పాత స్కాన్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చారు. అన్నీ ఎప్పుడో తీసిన స్క్రీన్‌షాట్లు. ఆవిడకు కిడ్నీ ఆపరేషన్ చేసే విజయవాడ ఆసుపత్రి వాళ్ళకు మామూలు ఫొటోలు పనికిరావట, డైకామ్ అనే వైద్య ఫార్మాట్‌లోకి మార్చి పంపాలట. ఆ సాఫ్ట్‌వేర్ ప్రతి బొమ్మకూ పేరు, వయసు మళ్ళీ అడిగి నా ప్రాణం తీసింది. ఆధార్ చూసి లక్ష్మీకుమారి అని కొట్టి కొట్టి, భోజనం కూడా మానేసి పంపాను.

కాసేపటికే ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. “ఫైలు పేరు లక్ష్మీకుమారి, బొమ్మ మూలన చిన్న అక్షరాల్లో మార్తమ్మ అని ఉంది. ఎవరి కిడ్నీ పంపారండీ? అది తేలేదాకా ఆపరేషన్ చెయ్యం.”

బెంచీ మీద కూర్చున్న ఆవిడనే అడిగాను.

“రెండూ నేనేనండీ. కార్డులో లక్ష్మి, బాప్తిస్మంలో మార్త.”

“ముందే చెప్పొచ్చు కదమ్మా.”

“మీరు కార్డు అడిగారు, ఇచ్చాను.”

రెండో పేరు కూడా చేర్చి అన్నీ మొదటి నుంచి మళ్ళీ మార్చాను. ఆపరేషన్ బాగానే జరిగిందట.

అప్పట్నుంచి ఎవరొచ్చినా “మీకు ఇంకో పేరేమైనా ఉందా?” అని అడుగుతున్నాను. నిన్న ఒక పెద్దాయన “నేనేమన్నా దొంగనా?” అని కసిరారు. వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగి, “పాత రిపోర్టులో యోహాను అని ఉంటుంది, చూడు” అన్నారు.