మధ్యాహ్నం పీరియడ్‌లో పడవ లెక్క

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ లిఫ్టు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ నడుమ ఆగిపోయింది. మద్దిలపాలెం జంక్షన్‌కు కూతవేటు దూరంలో ఉన్నామన్న మాటే గాని మా వీధిలో కరెంటు పోవడం పెద్ద వింతేమీ కాదు, కాకపోతే ఆ రోజు జనరేటరు కూడా మొండికేసింది. లోపల కూరగాయల సంచీతో నేనూ, పై అంతస్తులో ఉండే ఒక చిన్న వయసు తల్లీ, ఆమె పిల్లలిద్దరూ. చీకటి కమ్మేసరికి చిన్నది ఏడుపు లంకించుకుంది. తల్లి వాచ్‌మన్‌ను కేకలేస్తోంది. నాకేం చెయ్యాలో తోచక, ఆ పిల్లను దగ్గరికి తీసుకుని, తీసేకొద్దీ పెద్దదయ్యేది ఏమిటో చెప్పు చూద్దాం అన్నాను. వెక్కిళ్ళు సగంలో ఆగిపోయాయి. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఏదేదో చెప్పడం, నేను కాదనడం, ఇంతలో లిఫ్టు కదలడం, తలుపు తెరుచుకున్నా వాళ్ళు దిగకుండా నా ముఖం చూస్తూ నిలబడిపోవడం. మీరు టీచరుగా చేశారా ఆంటీ అని ఆ తల్లి నవ్వుతూ అడిగింది. చేశానమ్మా అని, పిల్లలకు జవాబు రేపని చెప్పి, ఇంట్లోకి వచ్చి సంచీ దింపానే గాని, కూరలు బుట్టలో సర్దుతున్నంతసేపూ మనసు ఇక్కడ లేదు, రేవు దగ్గరి మా పాత బడికి వెళ్ళిపోయింది.

నాకు తొలి ఉద్యోగం వచ్చినప్పుడు ఇటు ఉక్కు కర్మాగారం ఇంకా కడుతున్నారు. మా హైస్కూలు రేవుకు దగ్గర. పొద్దున్నే ఊడ్చిన గదుల్లో మధ్యాహ్నానికల్లా కిటికీ చువ్వల మీద ఇనుప ఖనిజం ధూళి ఎర్రగా పేరుకునేది. పిల్లల తెల్లచొక్కాలు ఎన్ని ఉతుకులు ఉతికినా అదో రకం లేత ఇటుక రంగులోనే ఉండేవి. నాకిచ్చింది తొమ్మిదో తరగతి లెక్కలు, అదీ అన్నాలు తిని వచ్చాక మొదటి పీరియడ్. ఆ వేళలో పాఠం చెప్పిన వాళ్ళకే తెలుస్తుంది ఆ బాధ. పైన తిరిగే ఫ్యాను లేదు, బయట వ్యాగన్లు లాగే చప్పుడు జోలపాటలా ఉండేది, నేను బోర్డు వైపు తిరిగి సమీకరణం రాసి వెనక్కి తిరిగేసరికి సగం తలలు బల్లల మీద వాలి ఉండేవి. కోప్పడితే లేచేవారు, మళ్ళీ వాలేవారు. ఇంటికి వెళ్ళి మా ఆయనతో ఈ ఉద్యోగం నా వల్ల కాదేమో అని దిగులుపడేదాన్ని.

అలాంటి రోజుల్లో నాకు మా మేనత్త గుర్తొచ్చింది. మా ఊళ్ళో వేరుశెనక్కాయలు ఒలిచే పనిలో పిల్లలందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని ఆవిడ చిక్కు ప్రశ్నలు వేసేది. మేము పని మానేసి లేచి పారిపోకుండా ఆవిడ పన్నిన ఉపాయమది. జవాబు మాత్రం ఆ పూట చెప్పేది కాదు, బతిమాలినా చెప్పేది కాదు, రేపు రండర్రా అనేది. రేపు మేమే పరుగెత్తుకుంటూ వెళ్ళి కాయలు ఒలిచేవాళ్ళం. అదేదో ఇక్కడా చేసి చూద్దామనుకుని ఒక మధ్యాహ్నం పాఠం మొదలుపెట్టకుండా అగ్గిపుల్లలు బల్ల మీద పరిచి, ఒక్క పుల్ల జరిపి ఈ తప్పు లెక్కను ఒప్పు చెయ్యమన్నాను. ముందు బల్లల వాళ్ళు వంగారు, వెనక బల్లల వాళ్ళు లేచి నిలబడ్డారు. ఆ రోజు ఎవరూ నిద్రపోలేదు.

అప్పటినుంచి పాఠానికి ముందు ఒక చిక్కు ప్రశ్న వేయడం అలవాటైపోయింది. బోర్డుకు ఒక పక్కన రాసి ఉంచేదాన్ని, జవాబు వచ్చేదాకా చెరపకూడదని కట్టడి. ఒక్కోసారి అవి బడి గోడలు దాటి ఊళ్ళోకి కూడా పోయేవి. ఐదు లీటర్ల డబ్బా ఒకటి, మూడు లీటర్ల డబ్బా ఒకటి ఇస్తే సరిగ్గా నాలుగు లీటర్ల నీళ్ళు ఎలా కొలుస్తారని నేనడిగింది ఎండాకాలం మొదట్లో. వీధి కుళాయిల దగ్గర బిందెల వరసలు సాగే రోజులవి. మా క్లాసు పిల్లలు ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ పట్టుకుపోయి కుళాయి దగ్గర నింపడం, పారబొయ్యడం, మళ్ళీ నింపడం. మర్నాడు పొద్దున్న ముగ్గురు తల్లులు కట్టగట్టుకుని హెడ్మాస్టరు గారి గదిలోకి వచ్చారు. "తాగడానికి సుక్క లేక సత్తంటే, నీల్లు పారబోసే లెక్క సెప్పిందేటండీ మీ టీచరమ్మ?" అని వాళ్ళడుగుతుంటే నేను వరండాలో స్తంభం పక్కన నిలబడి విన్నాను. హెడ్మాస్టరు గారు మంచివారే గాని సిలబస్ తప్ప మరో లోకం ఎరగని మనిషి. నన్ను పిలిచి, ఆటలు కట్టిపెట్టి పాఠం చెప్పండమ్మా అన్నారు. సరేనన్నాను గాని, వారానికొక్కటికి తగ్గించానే తప్ప మానలేదు.

ఆ క్లాసులో వెనక బల్లలో, కిటికీ పక్కన ఒక అమ్మాయి కూర్చునేది. యారాడ పిల్ల. అటు నుంచి కొండ దాటి వచ్చే పిల్లలు మా బడిలో కొద్దిమందే ఉండేవారు, వాళ్ళలో పై తరగతిదాకా వచ్చిన ఆడపిల్ల ఈమె ఒక్కతే. చేరిన కొత్తలో తెలుగు మాస్టారు లేపి పాఠం చదవమంటే చేపను సేప అన్నదట. టౌను పిల్లలు నవ్వారట. ఆ నవ్విన వాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో అదే మాట, అయినా నవ్వారు. అంతే, అప్పటినుంచి ఆ పిల్ల క్లాసులో నోరు తెరిచింది లేదు. పేరు పిలిస్తే చెయ్యెత్తేది. ప్రశ్న అడిగితే తల దించుకుని నిలబడేది. కాగితం మీద మాత్రం లెక్కలు చక్కగా చేసేది. నేను దగ్గరికి వెళ్ళి ఎంత లాలనగా అడిగినా ఆ పెదవులు కదిలేవి కావు.

ఒక వారం నేను మన పెద్దవాళ్ళ నాటి పులీ మేకా గడ్డిమోపూ లెక్క వేశాను. ముందు బల్ల వాడొకడు వెంటనే లేచి, పులిని పడవెక్కించే మొనగాడు ఎవడండీ అని అడిగాడు. క్లాసంతా ఘొల్లుమంది. నిజమే గదా అని పులిని తీసేసి కుక్కనూ, మేకను తీసేసి పిల్లినీ, గడ్డికి బదులు ఎండుచేపల గంపనూ పెట్టాను. పడవలో మనిషితో పాటు ఒక్కటే పడుతుంది. మనిషి లేకపోతే కుక్క పిల్లిని చంపేస్తుంది, పిల్లి చేపలు తినేస్తుంది, కుక్క మాత్రం చేపలు ముట్టదు. మూడూ క్షేమంగా అవతలి ఒడ్డుకు చేరాలి. బోర్డు మీద రెండు ఒడ్లు, మధ్యలో ఒక పడవ బొమ్మ గీశాను. రెండు రోజులు గడిచాయి. ఎవరికీ కుదరలేదు. తాతల్నీ నాన్నల్నీ అడిగి వచ్చి చెప్పిన జవాబులు కూడా తేలిపోయాయి.

మూడో రోజు మధ్యాహ్నం క్లాసు జరుగుతుండగా గుమ్మంలో ఒకావిడ నిలబడింది. తలమీది చేపల గంప దింపి వరండాలో పెట్టి, చెంగుతో ముఖం తుడుచుకుంది. కిటికీ పక్కన కూర్చున్న ఆ పిల్ల ముఖం పాలిపోవడం చూసి, తల్లి అని నాకర్థమైంది. హెడ్మాస్టరు గారు క్లాసు టీచరుతో చెప్పి రమ్మన్నారట.

"రేపట్నించి మా గుంటని పంపనండి టీచరమ్మా," అంది నెమ్మదిగా. "మా అమ్మ కాలు ఇరగ్గొట్టుకుని మంచాన పడింది. నాను సేపలకెల్తే ముసల్దాన్ని సూసీవోల్లు లేరు. ఏటి సేత్తాను మరి?"

ఆవిడ గొంతులో మొరటుతనం లేదు. అలసట ఉంది. కాలు విరిగిన ముసలితల్లిని వదిలేసి పిల్లను బడికి పంపమని ఏ నోటితో అనను? గంట కొట్టేదాకా లోపల కూర్చోండి, బయట ఎండగా ఉంది, తర్వాత మాట్లాడుకుందాం అన్నాను. ముందు బల్ల ఆడపిల్లలు జరిగి చోటిచ్చారు. ఆవిడ బల్ల అంచున బెరుకుగా కూర్చుని, కాసేపటికి బోర్డు మీది బొమ్మ చూసి, ఆ పడవేటని పక్క పిల్లను అడిగింది. పక్క పిల్ల లెక్క అంతా చెప్పింది. నేను పాఠం ఆపేశాను.

"ముందు సేపలు దాటించీయాల. అయ్యి పోతే ఇంకేటి మిగుల్తాది?" అంది ఆవిడ, ఇందులో లెక్కేముందన్నట్టు.

కుక్క పిల్లిని చంపేస్తుందండీ అని క్లాసంతా అరిచింది. అయితే కుక్కను ముందు తీసుకెళ్ళమంది. అప్పుడు చేపలు పోతాయన్నారు. ఆవిడ కాస్త ఆలోచించి, "అయితే ఆ పిల్లినే ఒగ్గీండి, పీడా పోద్ది," అంది. పిల్లలతో పాటు నేనూ నవ్వాను, ఆవిడా నవ్వింది.

ఆ నవ్వులో వెనకనుంచి, "అలగ కాదమ్మా," అని ఒక గొంతు వినబడింది.

అది ఎవరి గొంతో మాకెవరికీ తెలియలేదు. అందరం తిరిగి చూశాం. కిటికీ పక్క పిల్ల లేచి నిలబడి ఉంది. తల్లి తప్పు చెబుతుంటే ఊరుకోలేక లేచిందో, రేపటినుంచి ఇక్కడ ఉండబోను గదా అన్న తెగింపుతో లేచిందో ఇప్పటికీ నాకు తెలియదు. బల్లల మధ్యనుంచి నడిచి వచ్చి నా చేతిలో సుద్దముక్క తీసుకుంది.

"ముందు పిల్లిని దాటించీయాల. కుక్క సేపలు ముట్టదు గదా. మల్లీ వొచ్చి కుక్కని తీసుకెల్లాల. కుక్కని దింపీసి, పిల్లిని మల్లీ ఎనక్కి తెచ్చీయాల."

"తీసుకెల్లినదాన్ని మల్లీ ఎనక్కి తెత్తారేటే?" అంది తల్లి.

"తేవాలమ్మా. తెస్తేనే అవుద్ది. ఇప్పుడు పిల్లిని ఇక్కడొగ్గీసి సేపలు అట్టుకెల్లాల. కుక్కా సేపలూ ఆ ఒడ్డునుంటాయి. ఆకర్న ఒచ్చి పిల్లిని అట్టుకెల్లిపోతే అయిపోద్ది."

మాట్లాడుతూ గీతలు గీస్తూ ఉంది. సేప అని ఎన్నిసార్లు అన్నదో, ఒక్కరు నవ్వలేదు. అందరికీ జవాబు కావాలి, అందరి కళ్ళూ ఆ సుద్దముక్క వెంటే తిరుగుతున్నాయి. చివరి గీత గీసేసరికి ముందు బల్ల వాడు బల్ల మీద చరిచాడు, ఇక గది గదంతా చప్పట్లు. ఆ పిల్ల ఉలిక్కిపడి సుద్దముక్క నా చేతిలో పెట్టేసి తన చోటికి పరుగెత్తింది.

గంట కొట్టారు. తల్లి లేచి, వరండాలో గంప ఎత్తుకోబోయి ఆగింది. "ఇది ఇలగ మాటాడతాదని నాకు తెల్దు టీచరమ్మా. ఇంటికాడ నోరిప్పదు," అంది. గంప తలకెత్తుకుని, "సూత్తాను. మా సెల్లినడిగి సూత్తాను," అని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న ఆ క్లాసులోకి తొంగిచూస్తే కిటికీ పక్కన ఖాళీ. అన్నాల వేళకూ ఖాళీయే. నా మనసు మనసులో లేదు. మధ్యాహ్నం గంట కొట్టి నేను బోర్డు తుడుస్తుంటే ఆ పిల్ల చెమటతో తడిసిన ముఖంతో గుమ్మంలో నిలబడి, లోపలికి రావచ్చా టీచర్ అని నోటితో అడిగింది. వాళ్ళ పిన్నికి మధ్యాహ్నాలే తీరికట, అప్పుడొచ్చి ముసలమ్మ దగ్గర కూర్చుంటానందట. అలా ఆ ముసలమ్మ మళ్ళీ కర్ర పట్టుకుని నడిచేదాకా ఆ పిల్ల ఒంటిపూట బడికే వచ్చింది. పొద్దుటి పాఠాలు తోటి ఆడపిల్లలు వంతులేసుకుని చెప్పేవారు. నిబంధనల మనిషి అయిన హెడ్మాస్టరు గారు ఈ ఒంటిపూట సంగతి చూసీ చూడనట్టు ఊరుకున్నారు. పైగా ఒక సాయంత్రం స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ లేకుండా చూసి, ఇంతకీ ఆ కుక్కా పిల్లీ సంగతేమిటమ్మా, నాకు ఒకటి కుదిరితే ఒకటి చెడుతోంది అని అడిగారు. రేపు చెబుతానండీ అన్నాను. నాకంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో! ఆయన మర్నాడు తెల్లవారేసరికల్లా తానే కనిపెట్టి, చిన్నపిల్లాడిలా వెలిగిపోతూ వచ్చారు.

ఆ పిల్ల పదో తరగతి గట్టెక్కింది. ఆ పైన నాకు బదిలీ అయింది, సంగతులు తెలియలేదు. చాలా ఏళ్ళ తర్వాత గోపాలపట్నం మార్కెట్లో చేపలమ్మే వరసలోంచి ఎవరో టీచరమ్మా అని పిలిచారు. చూస్తే ఆవిడ, ఆ తల్లి, జుట్టంతా నెరిసిపోయి. కూతురు పాలిటెక్నిక్ చదివి ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తోందనీ, ఇద్దరు పిల్లల తల్లయిందనీ గబగబా చెప్పింది. ఆ మాటలన్నీ అయ్యాక చుట్టుపక్కల ఆడవాళ్ళ వైపు చూపించి, గొంతు తగ్గించి, "ఈల్లకి ఎప్పుడూ ఆ పడవ లెక్క సెప్తాను గానండీ, మజ్జిలో మర్సిపోతన్నాను. ముందు దాటించీది ఎవుల్నండీ?" అంది. మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. చేపలు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా నిలబడి విన్నారు.

ఇప్పటి బడుల్లో ఇలాంటివాటికి ప్రత్యేకంగా ఒక పీరియడే ఉంటోందట. రంగురంగుల పుస్తకాలు, చెక్కముక్కల పెట్టెలు, తెర మీద కదిలే బొమ్మలు. మంచిదే, మా పిల్లలు అగ్గిపుల్లలతో సరిపెట్టుకున్నారు, వీళ్ళకు ఆ లోటు లేదు. అయితే ప్రశ్న వేసి ఊపిరి తీసుకునేలోపే జవాబు అరచేతిలోకి వచ్చి కూర్చుంటోంది. మన రోజుల్లో ఒక ప్రశ్న మూడు రోజులు బతికేది, కొండ దాటి వెళ్ళేది, వంటింట్లోకీ కుళాయి దగ్గరికీ పోయి అందరిచేతా తప్పు చెప్పించుకుని మళ్ళీ బడికి వచ్చేది. ఆ మూడు రోజులూ టౌను పిల్లలూ యారాడ పిల్లా, అమ్మలూ నాన్నలూ, ఆఖరికి హెడ్మాస్టరు గారూ, అందరం ఒకే సంగతి తెలియని వాళ్ళమై ఉండేవాళ్ళం. తెలియకపోవడంలో ఎంత తోడు ఉండేదో ఇప్పుడు తెలుస్తోంది.