నా ఫోన్ నేనే ఎత్తుతా

ఆ రోజు మిరపచేలో కాయలు ఏరుతుంటే నా కాలి చెప్పు ఊడిపోయింది. నాకు తెలియనే లేదు. వెనక వస్తున్న మా అత్త, "కాళ్లకు సోయి లేదా పిల్లా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. మర్నాడు పొద్దున లేచి నిలబడలేకపోయాను. ఆ తర్వాత చేతులూ పడిపోయాయి.

మాది గార్ల దగ్గర తండా. మహబూబాబాద్ తీసుకుపోతే అక్కడి నుంచి పెద్ద దవాఖానకు పంపారు. నరాలకు కరెంటు పెట్టి చూసే నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు, వెన్నులోంచి నీళ్లు తీశారు. "జీబీఎస్ అమ్మా. నరాలు దెబ్బతిన్నయి. బలం తిరిగొస్తది, టైం పడ్తది" అన్నారు డాక్టర్ సార్. ఐవీఐజీ అనే మందు నరంలోకి ఎక్కించారు. మధ్యలో ఊపిరి ఆడక ఐసీయూలో పెట్టారు. వార్డుకు తిరిగొచ్చాక తల ఒక్కటే కదిలేది. గొంతు సన్నగా వచ్చేది.

మా ఆయన పూణేలో తాపీ పని చేస్తాడు. ఆయన ఫోన్ చేస్తే అత్త ఎత్తి స్పీకర్ పెట్టేది. "మంచిగున్నవా?" అని ఆయన నన్నడిగితే, "మంచిగుంది, తిన్నది" అని అత్తే చెప్పేది. నాకేమో భయంగా ఉందని చెప్పాలని ఉండేది. వార్డంతా వింటుంటే ఎట్లా చెప్తాను? పక్క మంచం అవ్వయితే, "మీ ఆయన మంచిగ మాట్లాడ్తడు బిడ్డా, మా అల్లునికి గింత ముచ్చట రాదు" అని మెచ్చుకునేది.

"ఇగ నా ఫోన్ నేనే ఎత్తుతా" అన్నాను.

"ఏంతోని ఎత్తుతవ్? ముక్కుతోనా?" అంది అత్త.

ఛాతీ మీద ఫోన్ నిలబెట్టించుకుని ముక్కుతోనే నొక్కి చూశాను. అది మొహం మీద పడింది.

చేలో చేతులకు మట్టి ఉంటే నేను ఇయర్‌ఫోన్ వైరుకున్న బటన్‌ను మోచేత్తో నొక్కి మాట్లాడేదాన్ని. అది గుర్తొచ్చి, నన్ను చూసుకోను వచ్చిన మా అమ్మకు చెప్పాను. అమ్మ ఆ బటన్‌ను అద్దాలు, గవ్వలు కుట్టిన మా లంబాడీ గుడ్డ ముక్కలో పెట్టి కుట్టి, నా గడ్డం కింద కట్టింది. ఫోన్ ఎత్తాను. ఆయన మాటకు ఊ అని తల ఊపాను, గడ్డం బటన్‌కు తగిలి కట్ అయింది. మళ్లీ చేశాడు, మళ్లీ ఊపాను. మూడోసారి, "నా మీద అలిగినవా?" అన్నాడు.

"తల ఊపకుంట మొగనితోని మాట్లాడే ఆడదెవతి?" అని అమ్మ కుట్లు విప్పింది. ఈసారి దిండు అంచుకు కుట్టింది, చెంప తిప్పి నొక్కేలా. అద్దాలు గుచ్చుకుంటున్నాయని తీసేసింది. బటన్ ఎక్కడుందో చెంపకు తెలియాలని ఒక్క గవ్వ ఉంచింది.

ఆ సాయంత్రం చెంపతో ఫోన్ ఎత్తాను. "భయమైతంది" అన్నాను మా లంబాడీ భాషలో. "నాకు గూడ" అన్నాడు ఆయన.

"ఏమన్నడు?" అని అత్త అడిగింది.

"మా ముచ్చట" అన్నాను.

ఫిజియోథెరపీతో మెల్లగా లేచాను. ఇప్పుడు చేనుకు పోతున్నాను. వేళ్ల కొసలు ఇంకా మొద్దుబారే ఉన్నాయి, తెర మీద ఒకటి నొక్కబోతే ఇంకొకటి పడుతుంది. అందుకే ఆ బటన్‌ను, గవ్వను ఇప్పుడు మోచేతి పట్టీకి కుట్టించుకున్నాను. చూసి నవ్వేవాళ్లను నవ్వనిస్తున్నాను.

మీ ఇంట్లో ఇట్లాంటి పేషెంటు ఉంటే వాళ్ల ఫోన్ మీరు ఎత్తకండి. ఒంట్లో ఏది కదులుతుందో అడిగి, బటన్ అక్కడ పెట్టండి. పెట్టాక జర బయట నిలబడండి.