నిలువుగా చదివిన పట్టిక

1998 జూన్‌లో గోవింద్‌పూర్ పక్కన ఒక చిన్న వర్క్‌షాపులో పర్సనెల్ ఆఫీసరుగా చేరాను. లారీల ఫ్యాక్టరీకి షాఫ్టులు చేసిచ్చే యూనిట్ అది; పనివాళ్లు అరవై మంది. అంతకుముందు అక్కడ ఆ పోస్టే లేదు. హాజరు పట్టీ నుంచి క్యాంటీన్ టీ దాకా అన్నీ నా నెత్తినే పడ్డాయి.

నాణ్యత సర్టిఫికెట్‌కి ఆడిటర్లు వస్తారనగానే స్కిల్ మ్యాట్రిక్స్, అంటే ఎవరికి ఏ పని వచ్చో చూపే పట్టిక, తయారుచేసి గోడకు తగిలించాను. అడ్డవరసల్లో మనుషుల పేర్లు, నిలువు వరసల్లో యంత్రాలు, గడికో సున్నా. పని రాకపోతే ఖాళీ సున్నా; ఇంకొకరికి నేర్పగలిగితే నిండు సున్నా. ఆడిటర్ మెచ్చుకున్నాడు. నేను మురిసిపోయాను.

గ్రైండింగ్‌లో ఒకే ఒక్క నిండు సున్నా, అప్పలరాజుగారిది. పర్లాకిమిడి వైపు మనిషి, దగ్గర్లోని పర్సుడీహ్‌లో కాపురం, నాకంటే పదేళ్లు పెద్ద. చక్రం షాఫ్టును తాకే చప్పుడు విని ఇంకెంత అరగాలో చెప్పేవారు.

2001లో కంప్యూటర్‌తో నడిచే గ్రైండర్ కొన్నారు. ఆరు వారాల శిక్షణకు ఇద్దరిని పంపాలి. ఆయన నా గదికొచ్చి తనను పంపమన్నారు. మీరు లేకపోతే షాపు నడవదన్నాను. ఎవరినైనా అప్పగిస్తే మూడు నెలల్లో తన పని నేర్పిస్తానన్నారు. డిస్పాచ్ ఒత్తిడిలో అదీ వాయిదా వేశాను. శిక్షణ ఫారంలో ఆయన పేరు ఎదుట 'పాత యంత్రంపై తప్పనిసరి' అని రాసి సంతకం పెట్టి, వేరే ఇద్దరిని పంపాను.

మూడేళ్లకు పాత గ్రైండర్లు తీసేశారు. ఆయనను ప్యాకింగ్‌కి, హెల్పర్ గ్రేడులోకి మార్చిన ఉత్తరం నా చేత్తోనే ఇచ్చాను. చదివి, గోడ మీది పట్టికలో తన పేరు దగ్గర వేలు పెట్టి అడ్డంగా జరిపారు. ఒక నిండు సున్నా, మిగతావన్నీ ఖాళీ.

"నేను నేకపోతే షాపు నడవదన్నారు గదా బాబూ. ఇప్పుడు నేనేటి చేత్తాను?"

ఆయన నాలుగేళ్లు పెట్టెలకు మేకులు కొట్టి రిటైరయ్యారు. కొత్త గ్రైండర్ చప్పుడు మారినప్పుడల్లా లేచి నిలబడి, మళ్లీ కూర్చునేవారు. అది చూసినప్పుడల్లా నాకు సిగ్గేసేది.

ఆ పట్టికను నేనెప్పుడూ నిలువుగానే చదివాను. ప్రతి యంత్రానికీ మనిషి ఉన్నాడా అని చూసుకున్నాను. ఒక్కసారి అడ్డంగా చదివివుంటే, ఆ మనిషికి ఇంకో పని వచ్చా అన్నది కనిపించేది. చిన్న యూనిట్లలో బాగా పని వచ్చినవాడికే కొత్తది నేర్పడం మానేస్తాం. నేను ఆ పని సంతకం పెట్టి మరీ చేశాను.